పిల్లల సాహస నవలలో కథానాయిక భయం చివరికి పూర్తిగా పోవాలా?

ప్రశ్న

తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వయసు పిల్లల కోసం ఒక సాహస నవల రాస్తున్నాను. కథానాయిక పదకొండేళ్ల అమ్మాయి. ఆమెకు చీకటంటే విపరీతమైన భయం. రాత్రిపూట పక్క గదిలోంచి మంచినీళ్లు తెచ్చుకోవాలన్నా ఏదో ఒక సాకు చెప్పి తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వెళ్తుంది. ఆ తమ్ముడే ఒకనాటి సాయంత్రం కొండ పక్కనున్న సున్నపురాతి గుహలోకి వెళ్లి తిరిగి రాడు. వాన మొదలవుతుంది. పెద్దవాళ్లు వచ్చేలోగా గుహలోకి నీళ్లు చేరేటట్టు ఉన్నాయి. ఆమె దగ్గర ఒక్క టార్చిలైటు మాత్రమే ఉంది. నవలలో ఎక్కువ భాగం ఆమె ఆ గుహలో గడిపే కొన్ని గంటల మీదే నడుస్తుంది.

నా ఇబ్బంది చివరి అధ్యాయాలతో వచ్చింది. టార్చిలైటు ఆరిపోతుంది, కటిక చీకటి కమ్ముకుంటుంది, అదే సమయంలో ఎక్కడినుంచో తమ్ముడి ఏడుపు వినిపిస్తుంది. ఆ ఏడుపు చెవిన పడగానే ఆమె భయం పటాపంచలై, వెనుదిరిగి చూడకుండా ముందుకు సాగుతుంది. ఇప్పటి చిత్తుప్రతిలో ఇలా ఉంది. దీన్ని కొందరు పిల్లలకు చదివి వినిపించినప్పుడు, అంతవరకు ఊపిరి బిగబట్టి విన్నవారు సరిగ్గా ఈ చోటే చప్పబడిపోయారు. ఒక పాప, "అంత తేలిగ్గా పోయే భయమైతే మొదటినుంచీ ఎందుకుంది?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

భయం పోయే తీరును నమ్మదగినట్టు చూపించడం ఎలా? ఆమెకు చీకటి భయం ఎందుకు పట్టుకుందో చెప్పడానికి గతంలో ఒక సంఘటన కల్పించాలా, లేక కారణం చెప్పకుండా వదిలేయవచ్చా? దీనితోపాటు ఇంకొక సందేహం కూడా ఉంది. చదివిన పిల్లలు తామూ ఒంటరిగా గుహల్లోకి వెళ్లవచ్చని అనుకొనే ప్రమాదం ఉన్నప్పుడు ఇలాంటి కథ రాయడం సబబేనా? పిల్లలతో పనిచేసేవారు, పిల్లల పుస్తకాలు తెలిసినవారు, గుహల గురించి తెలిసినవారు ఎవరైనా సరే తమ అభిప్రాయం చెప్పగలరు.

మొదటి సమాధానం

పిల్లల భయాలకు సంబంధించిన కౌన్సెలింగ్ నా వృత్తి. ఆ పాప అడిగిన ప్రశ్న చాలా సరైనది. భయం ఒక్క కుదుపుతో ఊడిపోదని పిల్లలకు సొంత అనుభవం వల్ల తెలుసు. అందుకే వారు అక్కడ మీ కథనుంచి బయటికి వచ్చేశారు.

భయం తగ్గే తీరు గురించి ఇప్పటికీ నేను అందరికీ చెప్పే ఉదాహరణ వందేళ్ల నాటిది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకా మూడేళ్లు నిండని పీటర్ అనే బాలుడి గురించి ఒక వ్యాసం ప్రచురించారు. ఆ బాబుకు కుందేలంటే భయం; బొచ్చు కోటు, దూది చూసినా బెదిరిపోయేవాడు. ఆమె అతనికి ఇష్టమైన తినుబండారం పెట్టి, అతను తింటూ ఉండగా బోనులోని కుందేలును గదిలో దూరంగా ఉంచేవారు. అతను తట్టుకోగలిగినంత మేరకే దాన్ని కొద్దికొద్దిగా దగ్గరికి జరిపేవారు. భయంలేని పిల్లలను కూడా అతనితో కలిపి కూర్చోబెట్టేవారు. చివరికి ఆ బాబు కుందేలును ముట్టుకోవడమే కాక, అది తన వేళ్లను కొరుకుతున్నా ఊరుకొనే స్థితికి వచ్చాడు. మీ నవలకు ఎక్కువ పనికివచ్చేది మాత్రం నడుమ జరిగిన ఒక సంగతి. పీటర్ జబ్బుపడి రెండు నెలల పాటు రాలేకపోయాడు. ఆసుపత్రి నుంచి వెళ్తున్నప్పుడు ఒక పెద్ద కుక్క మీదికి దూకడంతో హడలిపోయాడు. దానితో అంతవరకు సాధించినదంతా పోయి భయం మళ్లీ మొదటికి వచ్చింది. జోన్స్ మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది.

నిజజీవితంలో భయం తగ్గే దారి ఇలాగే ఉంటుంది: కొంత ముందుకు, ఒక దెబ్బతో వెనక్కి, మళ్లీ ముందుకు. పాత భయం మనసులోంచి చెరిగిపోదని, దాని పక్కనే 'ఇది నేను తట్టుకోగలను' అన్న కొత్త అనుభవం చేరి బలపడుతుందని ఈ రంగంలోని చాలామంది భావిస్తారు. అందుకే బాగా తగ్గిన భయం కూడా అలసటలోనో, కొత్త చోటులోనో ఒక్కసారి తిరిగి తలెత్తుతుంది. తమ్ముడి ఏడుపు విన్నాక కూడా మీ కథానాయిక కాళ్లు వణుకుతూనే ఉండాలి. ఆ వణికే కాళ్లతోనే ఆమె నడవాలి.

భయాన్ని పెంచి పోషించేది తప్పించుకోవడం. మీరు రాసిన మంచినీళ్ల సంగతి నాకు చాలా నచ్చడానికి కారణం ఇదే. తమ్ముణ్ణి తోడు తీసుకెళ్లిన ప్రతిసారీ ఆమెకు అప్పటికప్పుడు హాయిగా ఉంటుంది. కానీ తోడు లేకపోయినా ఏమీ కాదన్న సంగతి తెలుసుకొనే అవకాశం ఆ రోజుకు చేజారిపోతుంది. ఆ తోడే ఇప్పుడు గుహలో చిక్కుకున్నాడు. ఆమె భయానికి ఇంతకాలం ఊతంగా ఉన్నదాన్నే కథ లాగేసింది. మీరు తెలిసి చేశారో లేదో గాని, నవలకు అసలు బలం ఇక్కడే ఉంది. దీన్ని మొదటి అధ్యాయాల్లో ఇంకొంచెం పెంచండి.

వయసు గురించి కూడా ఒక మాట. చీకటి భయం, భూతాల భయం నాలుగైదేళ్ల పిల్లల్లో సర్వసాధారణం. బడి వయసు వచ్చాక దెబ్బలు, ప్రమాదాలు, ఉరుములు, తుపానుల వంటి భయాలు పైకి వస్తాయి. యౌవనం దగ్గరపడేకొద్దీ నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయం పెరుగుతుంది. పదకొండేళ్ల అమ్మాయికి చీకటి భయం ఉండటం వింతేమీ కాదు, అయితే ఆ సంగతి ఎవరికైనా తెలిసిపోతుందేమోనన్న మరో భయం కూడా దానితోపాటే ఉంటుంది. సాకులు చెప్పడంలో ఆమె ఎంత ఆరితేరిందో చూపిస్తే, చదివే పిల్లల్లో చాలామంది తమను తాము గుర్తుపడతారు.

రెండవ సమాధానం

పిల్లల పుస్తకాలకు సంపాదకత్వం వహిస్తుంటాను. పైన కౌన్సెలింగ్ చేసే మిత్రులు చెప్పినదాన్ని కథగా ఎలా మలచుకోవాలన్నదే నేను చెప్పబోయేది.

మీ చిత్తుప్రతిలో భయం పోవడం ఆమెకు జరిగిన సంగతిగా ఉంది. ఏడుపు వినిపించింది, భయం పోయింది. నడుమ ఆమె చేసినదేమీ లేదు. పిల్లలు చప్పబడిపోయిన కారణాన్ని నేను ఇక్కడే వెతుకుతాను. ఏడుపు విన్న తర్వాత ఆమె ఒక నిర్ణయం తీసుకోవాలి, ఆ నిర్ణయం ఆమెకు బరువు కావాలి. వెనక్కి వెళ్లే దారి ఆమెకు తెలిసి ఉండాలి. అటువైపు ఎక్కడో సన్నటి వెలుతురు కూడా కనిపిస్తూ ఉండాలి. ఏడుపు మాత్రం చీకటి వైపు నుంచి వస్తుంది. వెనక్కి వెళ్లినా ఆమెను తప్పుపట్టేవారు ఎవరూ లేని పరిస్థితిలో ఆమె చీకటి వైపు అడుగు వేస్తేనే ఆ అడుగు ఆమెదవుతుంది.

భయాన్ని చూపించే చోట 'గుండె దడదడలాడింది', 'ఒళ్లంతా చెమటలు పట్టాయి' వంటి మాటలు ఒకటి రెండు సార్లకు మించి పనిచేయవు. భయపడిన మనిషి దృష్టి దేనిమీద నిలుస్తుందో రాయండి. ఉదాహరణకు, టార్చి ఆరిపోయాక ఆమె ఎడమ అరచేతిని గోడకు ఆనించి నడుస్తోందనుకుందాం. రాయి చల్లగా, తడిగా, ఒకచోట నున్నగా, మరొకచోట గరుకుగా తగులుతుంది. ఉన్నట్టుండి చేతికి ఏమీ తగలదు. గోడ అక్కడితో ఆగిపోయింది. ఆమె ముందుకూ వెళ్లదు, వెనక్కీ రాదు. చేతిని గాలిలో అలాగే ఉంచి, వేళ్లను మెల్లగా చాచి, మళ్లీ ముడుచుకుంటుంది. కాసేపటికి మోకాళ్ల మీద కూర్చొని నేలను తడుముతూ ఒక్కొక్క జానెడే జరుగుతుంది. అవతలి గోడ చేతికి తగిలినప్పుడు దాన్ని రెండు చేతులతోనూ పట్టుకొని ఉండిపోతుంది. ఇందులో భయం అన్న మాట ఒక్కసారి కూడా రాకపోయినా పిల్లవాడికి అంతా అర్థమవుతుంది. పైగా ఆ అమ్మాయి భయపడుతూనే తెలివిగా వ్యవహరిస్తోందని కూడా తెలుస్తుంది.

కారణం చెప్పాలా అన్నదానికి నా సమాధానం, వద్దనే. చిన్నప్పుడు ఎవరో చీకటి గదిలో పెట్టి తాళం వేశారన్న సంఘటన ఒకటి పెట్టగానే, కథ ఆ తాళం వేసినవారి వైపు మళ్లుతుంది. చదివే పిల్లలకు కూడా 'నాకు అలాంటిదేమీ జరగలేదే, మరి నాకెందుకు భయం?' అన్న అనవసరమైన అనుమానం కలుగుతుంది. కారణం తెలియని భయాలే పిల్లల్లో ఎక్కువ. చీకట్లో కన్ను పనిచేయనప్పుడు బెదరడానికి వేరే కారణం అక్కరలేదు.

తమ్ముడి పాత్ర గురించి మీరు ఏమీ రాయలేదు. అతను ఏడుస్తూ కూర్చొనే పిల్లవాడు మాత్రమే అయితే నవల సగం ఖాళీగా ఉంటుంది. వాడు గుహలోకి ఎందుకు వెళ్లాడు? అక్క సాకుల వెనకనున్న అసలు సంగతి వాడికి ముందే తెలుసా? తెలిసి కూడా ఇన్నాళ్లూ తెలియనట్టు వెంట వెళ్లేవాడా? నేనైతే తెలుసనే రాస్తాను.

మూడవ సమాధానం

నేను గుహలు చూడటానికి బృందాలతో వెళ్లే మనిషిని. కథ గురించి కాక, గుహ గురించి నాకు తెలిసినవి చెబుతాను. వివరాలు సరిగ్గా ఉంటే మీ మూడవ సందేహం కూడా చాలావరకు తీరుతుందని నా నమ్మకం.

గుహ ముఖద్వారం దగ్గర పగటి వెలుతురు ఉంటుంది, కొంత లోపలికి వెళ్లాక మసక వెలుతురు, ఆ తర్వాత పూర్తి చీకటి. ఇంట్లో దీపాలు ఆర్పితే కాసేపటికి కళ్లు అలవాటుపడి వస్తువుల ఆకారాలు కనిపిస్తాయి. గుహ లోపలి భాగంలో ఎన్ని గంటలు కూర్చున్నా ఏమీ కనిపించదు, ఎందుకంటే అక్కడ అలవాటుపడటానికి కొద్దిపాటి వెలుతురైనా ఉండదు. అలాంటి చీకట్లో చేయి ఊపితే ఊగుతున్న చేయి కనిపించినట్టే చాలామందికి అనిపిస్తుంది. చేయి ఎక్కడుందో తెలిసిన మెదడు చూపును కల్పించుకుంటుంది. ఈ వివరం మీ కథానాయికకు బాగా పనికివస్తుంది. రెండవ సమాధానంలో చెప్పిన సన్నటి వెలుతురు కనిపించాలంటే ఆ సన్నివేశం మసక వెలుతురు సరిహద్దులోనే జరగాలి. మలుపు తిరిగితే అది కనిపించదు.

గుహల్లోకి వెళ్లేవారు ఒక్కొక్కరు కనీసం మూడు దీపాలు వెంట ఉంచుకోవాలన్నది గట్టి నియమం. ప్రధాన దీపం హెల్మెట్‌కు ఉంటుంది, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి. ఒంటరిగా వెళ్లరు. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ బయట ఒకరికి చెప్పి వెళ్తారు. వాన సూచన ఉంటే అసలు వెళ్లరు. సున్నపురాతి గుహల్లోకి వాన నీరు చాలా వేగంగా చేరుతుంది. ఎక్కడో దూరాన కురిసిన వాన కూడా లోపలి వాగును పొంగిస్తుంది. వరద ఎంత ఎత్తు వరకు వస్తుందో గోడలే చెబుతాయి. తలకంటే ఎత్తున రాతి పగుళ్లలో ఆకులు, పుల్లలు ఇరుక్కొని కనిపిస్తే నీళ్లు అంతవరకు వచ్చాయని అర్థం. మీ అమ్మాయి టార్చి వెలుగులో ఆ పుల్లలు చూసి, అవి అక్కడికి ఎలా వచ్చాయో కొంత సేపటికి గాని తట్టకపోతే, ఆ ఘట్టం చీకటికంటే ఎక్కువ భయపెడుతుంది.

దారి తప్పినవారు, దీపం పోయినవారు నీళ్లు చేరని ఎత్తైన చోటు చూసుకొని అక్కడే కదలకుండా ఉండాలి. తమ్ముడు ఇదే చేశాడని రాయండి. అప్పుడు అతను అసహాయుడుగా కాక, బుర్ర ఉన్న పిల్లవాడుగా కనిపిస్తాడు. తడిసిన బట్టలతో గుహలో ఉంటే ఒంట్లోని వేడి వేగంగా తగ్గిపోతుంది కాబట్టి తొందర పడవలసిన అవసరం కూడా కథకు సహజంగానే దొరుకుతుంది. దారి చీలిన ప్రతిచోటా ఆగి వెనక్కి తిరిగి చూడటం మాకు అలవాటు, ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు అదే దారి పూర్తిగా వేరుగా కనిపిస్తుంది. గబ్బిలాలను మాత్రం దయచేసి దుష్టపాత్రలుగా చూపకండి. అవి తమ ధ్వనుల ప్రతిధ్వనులను విని చీకట్లో దారి తెలుసుకుంటాయి, మనుషుల జోలికి రావు.

ఒంటరిగా లోపలికి వెళ్లే ముందు ఆమె బయట ఉన్న ఎవరో ఒకరికి సంగతి చెప్పి, సహాయం కోసం పంపాలి. ఆ ఒక్క పని ఆమె చేతుల మీదుగా జరగకుండా మీరు నవల ప్రచురించకూడదని నా గట్టి అభిప్రాయం. ఆమె తీసుకొన్న సాహసం ఎంత ప్రమాదకరమో తర్వాత వచ్చిన పెద్దవాళ్ల ముఖాల్లో కనిపిస్తే చాలు, ఉపన్యాసం అక్కరలేదు.

నాలుగవ సమాధానం

బడి గ్రంథాలయంలో పిల్లలతో కలిసి పుస్తకాలు చదివే ఉపాధ్యాయురాలిని. భయం మీద వచ్చే కథల్లో నన్ను బాధపెట్టే అలవాటు ఒకటుంది. తోటిపిల్లలు 'పిరికిపంద' అని వెక్కిరించడం, కథానాయకుడు ఏదో ఒక ఘనకార్యం చేసి వారి నోళ్లు మూయించడం మళ్లీ మళ్లీ వస్తూ ఉంటాయి. అలాంటి కథ అయిపోయాక, ఏ ఘనకార్యమూ చేయలేని పిల్లలు మౌనంగా కూర్చోవడం నేను గమనించాను. మీ కథలో వెక్కిరింత లేకపోవడం చాలా మంచిది, దయచేసి తర్వాత కూడా చేర్చకండి.

మొదటి సమాధానంలో చెప్పిన కొద్దికొద్దిగా దగ్గరికి జరపడం అన్నది కొన్ని గంటల కథలో కుదరదేమోనని మీకు అనిపించవచ్చు. కుదురుతుంది. గుహలోనే వెలుతురు మెట్లు మెట్లుగా తగ్గుతుంది కదా: ముఖద్వారం, మసక, టార్చి, బలహీనపడుతున్న బ్యాటరీ, ఆ తర్వాత ఏమీ లేకపోవడం. ఒక్కొక్క మెట్టు దగ్గర ఆమె ఆగి, నిలదొక్కుకొని, తర్వాతి మెట్టుకు వెళ్లనివ్వండి. బ్యాటరీ బలహీనపడినప్పుడు ఆమె తానే టార్చి ఆర్పి, కొన్ని అడుగులు చీకట్లో నడిచి, మళ్లీ వేసుకొని చూడాలి. బ్యాటరీ మిగుల్చుకోవడానికే ఆ పని చేసినా, చీకట్లో కొన్ని అడుగులు వేయగలనని తెలుసుకొన్నది అప్పుడే. ఇది ముందే జరిగితే, టార్చి నిజంగా ఆరిపోయినప్పుడు ఆమె చేసేది పిల్లలు తప్పకుండా నమ్ముతారు.

పైన సంపాదకులు కారణం వద్దన్నారు. అందులో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. సంఘటన అక్కరలేదని ఒప్పుకుంటాను, కానీ ఆమె చీకట్లో ఏమి ఊహించుకుంటుందో మాత్రం తప్పకుండా చెప్పాలి. 'చీకటంటే భయం' అనే పిల్లలను ఒక్కొక్కరిని అడిగి చూస్తే ఒకరికి ఎవరో తన వెనక నిలబడ్డారని, మరొకరికి ఇంట్లోవాళ్లు తనను వదిలి వెళ్లిపోయారని, ఇంకొకరికి తాను కళ్లు తెరిచే ఉన్నానో లేదో తెలియడం లేదని భయం. మీ అమ్మాయిది వీటిలో ఏది? అది తేలితే గుహలో ఆమె దేనితో పోరాడుతోందో మీకే స్పష్టమవుతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. చివరి ప్రశ్నకు ఇంతవరకు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు ఆలోచిస్తే, చీకట్లో తాను ఒక్కతే మిగిలిపోయానని ఆమె భయం అనిపిస్తోంది. అదే అయితే తమ్ముడు ముందు దొరకాలి, టార్చి ఆ తర్వాత ఆరిపోవాలి. వాడి చేయి పట్టుకొని వెనక్కి నడిపించేటప్పుడు వాడు భయపడకుండా ఉండటానికి ఆమె మాట్లాడుతూనే ఉండవలసి వస్తుంది. గోడ తడుముకొనే ఘట్టాన్ని అక్కడికి మార్చుకుంటాను. ఏడుపు విన్నప్పటి నిర్ణయాన్ని టార్చి వెలుగు సన్నగిల్లుతున్న సమయానికి తెస్తాను. సహాయానికి పంపే పాత్ర కోసం పశువులను తోలుకొని వెళ్తున్న ఒక పిల్లవాణ్ణి చేరుస్తున్నాను.

ఒక్క సంగతి మాత్రం తేలలేదు. ఇంటికి వచ్చాక ఆ రాత్రి ఆమె దీపం ఆర్పి పడుకుంటుందా?

రెండవ సమాధానం రాసినవారి నుంచి

టార్చి తర్వాత ఆరిపోవడమే మేలు, ఆ మార్పు చేయండి. చీకట్లో ఒకరిని నడిపించే బాధ్యత మీద పడటంతో ఆమె పాత్ర ఇన్నాళ్ల అలవాటుకు తలకిందులవుతుంది, అది మాటల్లో చెప్పనవసరం కూడా లేదు.

ఆ రాత్రి ఆమె దీపం ఆర్పకూడదు. వేసే ఉంచి పడుకోనివ్వండి. మొదటి సమాధానంలో పీటర్ గురించి చదివాక వేరే విధంగా రాయడం నాకైతే న్యాయంగా తోచదు. తమ్ముడు పక్క మంచం మీదినుంచి "దీపం ఆర్పమంటావా?" అని అడిగితే, ఆమె సాకు వెతకకుండా, "వద్దు, నాకు భయంగా ఉంది" అని తిన్నగా చెప్పనివ్వండి. నవల మొత్తంలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి కావాలి. కాబట్టి ముందు అధ్యాయాల్లో ఎక్కడైనా ఆమె ఎవరితోనైనా ఆ మాట అనివుంటే ఇప్పుడే వెతికి తీసేయండి.